రెండు పెట్టెల రైస్ మిల్లు

శంకర్‌పల్లి స్టేషన్ పక్కన మా మామగారి రైస్ మిల్లు ఉండేది. ఐటీ కంపెనీల పుణ్యమా అని మా వైపు భూములకు రెక్కలొచ్చిన రోజుల్లో ఆ స్థలం వెంచరు వాళ్లకు పోయింది. బావమరిది అమ్మాడు, మా ఆవిడ సంతకం పెట్టింది. ఆ తర్వాత మొయినాబాద్ నుంచి శంకర్‌పల్లి వెళ్లాల్సి వస్తే ఆ రోడ్డు వదిలి చుట్టు తిరిగి పోదామనేది. మిల్లు ఫొటో ఒక్కటీ లేదు. పెళ్లికి ఫొటో తీయిస్తారు గానీ మిల్లుకు ఎవరు తీయిస్తారు?

నేను నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాను. మా వెనక గదిలో ఒక పెద్ద బల్ల మీద బొమ్మ రైలు మార్గం పరుచుకున్నాను. పట్టాలు, స్టేషను, గూడ్సు వ్యాగన్లు అన్నీ అసలులో ఎనభై ఏడో వంతు. పట్టాల పక్కన కొంత జాగా ఖాళీగా ఉండేది. అక్కడ ఆ మిల్లును నిలబెట్టాలని, మా ఆవిడ దాన్ని చూసి ఇదే మా మిల్లు అనాలని నా కోరిక.

అల్లుడు కంపెనీ పని మీద జర్మనీ వెళ్లి ముక్కలు అతికి బొమ్మ ఫ్యాక్టరీ కట్టుకునే కిట్లు ఒకే రకానివి రెండు తెచ్చాడు. ఒకటి మిల్లుకు, రెండోది ముందు ముందు ఇంజన్ షెడ్డుకు అనుకుని అటక మీద పెట్టాను. ఆ షెడ్డు మీద నాకు చాలా ఆశ ఉండేది. కిట్లో ఉన్నదేమో మంచు జారిపోయేటట్టు బాగా వాలు కప్పున్న భవనం. దాని గోడలు కోసి, మార్చి, పెట్టె మీది బొమ్మతో సంబంధం లేని ఇంకో భవనంగా అతకాలి. ఈ సరదా ఉన్నవాళ్లు దాన్ని కిట్‌బ్యాషింగ్ అంటారు. మా ఆవిడకు వివరించి చెబితే, "అంటే బొంత కుట్టుడే గదా" అంది.

మిల్లు గోడలు పడగొట్టినా పునాదులు ఇంకా తీయలేదు. బావమరిదిని వెంటబెట్టుకుని వెళ్లి టేపుతో కొలిచాను. గోడల ఎత్తు, దర్వాజ ఎత్తు అతను చెప్పాడు. పెద్దయ్యాక ఆ మిల్లును నడిపినవాడు కాబట్టి అతని మాట నమ్మాను. సన్నని రంపంతో గోడలు కోశాను. అట్టపెట్టె చీల్చి లోపలి ముడతల కాగితంతో రేకుల కప్పు వేశాను. చేవెళ్ల ఎర్రమట్టి వస్త్రకాయం పట్టి రంగులో కలిపి గోడలకు పూశాను. ఊక కుప్పకు మా ఆవిడనే అడిగి తవుడు తీసుకుని జిగురుతో అంటించాను. అన్నీ స్కేలు ప్రకారం కుదిరాయి.

బావమరిది వచ్చిన ఆదివారం ఇద్దరినీ గదిలోకి పిలిచాను.

"బావా, దించినట్లున్నది! గిదే మన మిల్లు" అన్నాడు బావమరిది.

మా ఆవిడ వంగి చూసింది. వ్యాగన్ పక్కన దర్వాజను చూసింది. "మంచిగనే చేసిన్రు" అంది. ఆ 'మంచిగనే' ఎలాంటిదో నాకు తెలుసు. పెళ్లిచూపుల్లో నచ్చని సంబంధం వాళ్లకు చాయ్ ఇచ్చేటప్పుడు అనే మాట.

"ఏం తక్కువైంది?" అన్నాను.

"తక్కువేం లేదు. గోదాం లెక్కున్నది. మా మిల్లు గింతేనా? దర్వాజ ముంగట నిలవడితే తల ఎత్తి సూడాలె. లోపట బెల్టు తిరుగుతుంటే ఆ చివర ఎవరున్నరో అవుపడకపోయేది."

బావమరిది నవ్వాడు. "అక్కా, బాపుకు సద్ది పట్కపోయినప్పుడు నువ్వు జానెడు లేకపోతివి. నీకు మన ఇంట్ల మంచం గూడ కొండంత అవుపడి ఉంటది."

"నీకేం ఎర్కరా? నువ్వు పుట్టెటాలకు నన్ను మిల్లు కాడికి పోనిచ్చుడే బందువెట్టిన్రు" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను నా కొలతలు మళ్లీ చూసుకున్నాను. తప్పు లేదు. తప్పు లేకపోవడమే చిక్కైంది. పదేళ్ల పిల్ల తల ఎత్తి చూసిన మిల్లును నేను టేపు పెట్టి కట్టాను. స్కేలు తప్పిన గీత ఒక్కటి గీస్తే మా పై అధికారి కాగితం చింపేవాడు. ఆ భయం నాకు రిటైరైనా పోలేదు. రెండు రోజులు ఆ గదిలోకే వెళ్లలేదు.

మూడో రోజు అటక మీది రెండో పెట్టె దించాను. ఇంజన్ షెడ్డు మీద ఆశ వదులుకున్నట్టే. కప్పు ఊడదీసి, రెండో కిట్టు గోడలను మొదటి గోడల మీద నిలిపి అతికాను. అతుకు కనిపించకుండా మధ్యలో ఒక పట్టీ వేశాను. రెండు దర్వాజలు కలిపి ఒక్కటి చేశాను. ఆ మిల్లు పక్కన స్టేషను పావురాల గూడులా మిగిలింది. బావమరిది చూసి, "బావా, గీ దర్వాజల ఏనుగు మీద అంబారి గట్టి పోవచ్చు. నీ నౌకరి గిట్ల జేస్తే చెరువులన్నీ తెగుతుండె" అన్నాడు. నేనూ నవ్వాను. చూస్తే నాకే కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండేది.

మా ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఈసారి వంగలేదు. మోకాళ్ల మీద కూర్చుని, గడ్డం బల్ల అంచుకు ఆనించి, దర్వాజ వైపు తల ఎత్తింది. బావమరిది ఏదో అనబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఊక గీడ ఎందుకు పోసిన్రు?" అంది చివరికి.

"నువ్వే తవుడిచ్చావు కదా."

"ఇచ్చిన, గని గీడ గాదు. గాలి గిటు కొడ్తది. బాపు దర్వాజ కాడ కూసుంటడు, కండ్లల్ల పడ్తది. ఆ వెనకకు పొయ్యాలె."

ఆరిన జిగురు అంత తేలిగ్గా రాదు. నేను చాకుతో కుప్పను కింద నుంచి మెల్లగా లేపుతుంటే, ఆమె పక్కనే కూర్చుని మిల్లు వెనక జాగాను వేలితో చూపిస్తూ, "ఇంకా అటు, ఇంకా అటు" అంటూనే ఉంది.