తెల్ల కాగితం గ్రామఫోను ప్లేటు

ఈ ఉదయం పాత రికార్డుల గ్రూపులో ఒకాయన ఒక ఫొటో పెట్టారు. గ్రామఫోను ప్లేటు... మధ్యలో కంపెనీ బొమ్మ లేదు, ఉత్త తెల్ల కాగితం. దాని మీద నీలి సిరాతో మూడు పేర్లు. మూడో పేరు చివర సిరా కాస్త అలుక్కుపోయి ఉంది. "చాలా అరుదైనది. ఎవరు రాశారో తెలియదు" అని కింద రాశారు.

నా చేతిలో కాఫీ చల్లారిపోయింది... అది నా చేతిరాత!

మా చిన్నప్పుడు, అరవైలలో... చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో ఎండాకాలమంటే కల్లాల నిండా ఎండుమిరపకాయలు, ఊరంతా తుమ్ములు. నేను గుంటూరు కాన్వెంటు హాస్టల్లో చదువుకునేదాన్ని. సెలవులకు వస్తే గాదె వెనక పుస్తకం పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరైనా పలకరిస్తే పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకునేదాన్ని.

మా కోటమ్మ పిన్ని అలా కాదు. ముగ్గురు ఆడవాళ్ల బుర్రకథ దళంలో ఆమె హాస్యం చెప్పే వంత. మధ్యలో తంబురా పట్టుకుని కథ నడిపేది సామ్రాజ్యంగారు. ఒక పక్క మరియమ్మగారు, ఇంకో పక్క పిన్ని డక్కీలు వాయిస్తూ తందాన పలికేవారు. వాగు గట్టు తెగకుండా అడ్డం పడి ప్రాణం విడిచిన పిల్ల కథ చెబితే జనం ఏడ్చేవాళ్లు... మధ్యలో పిన్ని ఒక్క మాట వేస్తే ఆ ఏడుపులోనే నవ్వేవాళ్లు.

ఒక ఏడు ఎండాకాలం రికార్డు కంపెనీవాళ్లు ముగ్గురినీ మద్రాసు పిలిపించి ఆ కథ పాడించుకున్నారు. పిన్ని వాళ్ల అత్తగారు మాత్రం ముందే చెప్పేసింది.

"ఏమే, ప్లేటు మీద నీ పేరు పడితే సరే. పడకపోతే ఆ డక్కీ అటకెక్కించి, ఇంట్లో కూచుని మిరపకాయల తొడిమలు తీద్దువుగాని."

నమూనా ప్లేటు వచ్చింది. నన్ను చదవమన్నారు. "సామ్రాజ్యం, బృందం" అని చదివాను.

"మరి మేమేరే?" అంది పిన్ని.

"బృందమంటే... మీరే పిన్నీ."

"అదేం పేరే! మా అమ్మ నాకు బృందమని పెట్టిందా?"

అత్తగారు పక్కకు తిరిగి నవ్వింది. పిన్ని నవ్వలేదు... ఆమె నవ్వకపోవడం నేను చూడటం అదే మొదలు.

సామ్రాజ్యంగారు నా చేత కంపెనీకి ఉత్తరం రాయించారు. "తందాన అనేవాళ్లు లేకపోతే నా కథ ఒంటికాలి నడక. ముగ్గురి పేర్లూ వెయ్యండి. అప్పటిదాకా మీ ఒప్పందం కాయితం మీద నేను వేలుముద్ర వెయ్యను."

మూడు వారాలకు జవాబొచ్చింది. పేర్లు మార్చడం కుదరదట, ఒప్పుకోకపోతే బజారులో అమ్మరట. ఇప్పటికే అచ్చువేసిన పాతిక ప్లేట్లూ ఉత్త కాగితంతో పంపిస్తారట... కావలసిన పేర్లు మీరే రాసుకోండి అని ఎగతాళి.

సామ్రాజ్యంగారు ఫకాలున నవ్వారు. "రాసుకోమన్నారుగా! రాసుకుందాం!"

మద్రాసుకు మిరపకాయలు వేసుకెళ్లిన లారీయే తిరుగుదారిలో ఆ పెట్టె తెచ్చింది, ఖాళీ గోతాల కింద పెట్టుకుని. మూత తీయగానే ఇంటిల్లిపాదికీ తుమ్ములు!

నేను పాళీ తుడుచుకుని కూర్చున్నాను. చుట్టూ ముగ్గురూ చేరారు.

"ముందు కోటమ్మ, తర్వాత మరియమ్మ. నాది కిందెయ్యి" అన్నారు సామ్రాజ్యంగారు.

"మీరు కదా పెద్ద..."

"నాది వాళ్లోసారి వేశారుగా అమ్మాయ్."

పాతికా రాశాను. చివరిదాని మీద నేనూ తుమ్మాను.

ఆ సాయంత్రమే గ్రంథాలయంలో గ్రామఫోను పెట్టారు. అరుగుల మీద, కిటికీల్లో జనం. ముల్లు ప్లేటుకు ఆనగానే సామ్రాజ్యంగారి గొంతు... గట్టు తెగుతోంది, పిల్ల అడ్డం పడింది, చచ్చిపోయింది!

"ఓయమ్మో, ఇంకా పుట్టనేలేదు, అప్పుడే చంపేశారేంటే!" అని ఎవరో అరిచారు.

తప్పు నాదే. కాగితాలు తెల్లగా ఉన్నాయి కదా, వినకుండానే పైకున్న పక్కన మొదటి భాగమని రాసేశాను... పాతికకి పాతికా! నేను పుస్తకాల బీరువా వెనక దాక్కున్నాను.

ప్లేటు తిప్పారు. ఇప్పుడా పిల్ల పుట్టింది. డక్కీ మోగింది. పిన్ని ఒక్క మాట వేసింది... గ్రంథాలయం కప్పు ఎగిరిపోయేలా నవ్వులు! పిన్ని రెండు చేతులతో నోరు మూసుకుంది.

అత్తగారు లేచి గ్రామఫోను దగ్గరికి వచ్చింది. "ఆ రాసిన పిల్లేదీ? ఏం రాసిందో చదవమను."

నన్ను బీరువా వెనక నుంచి లాక్కొచ్చారు. అంతమంది ముందు నోరు తెరిచాను... "కోటమ్మ, మరియమ్మ, సామ్రాజ్యం."

"వినపళ్లా. మళ్లీ చదువు."

ఈసారి వాకిట్లోవాళ్లకి కూడా వినపడేలా చదివాను!

అత్తగారు ఆ కాగితం మీది పేర్లను వేలితో తడిమింది. "డక్కీ అటక మీద పెట్టకే. ఎలకలు కొడతాయి" అని వెళ్లి కూర్చుంది.

తర్వాత కథ చెప్పిన ఊరికల్లా ఒక ప్లేటు ఇస్తూ పోయారు. మా ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

ఇప్పుడు ఫోన్లో ఏ పాట పెట్టినా తాళం వేసినవాళ్ల దగ్గర్నుంచి అందరి పేర్లూ కనిపిస్తాయి... చదివే తీరికే మనకి లేదు. మీ ఊళ్లో కథ చెప్పినవాళ్లు, పక్కన నిలబడి వంత పాడినవాళ్లు... ఎవరి పేరైనా గుర్తుంటే కింద రాయండి. పూర్తి పేరు రాయండి.

పేర్లు పడాలని పట్టుబట్టిన ఆ ముగ్గురిలో ఎవరికీ చదవడం రాదు.