తెల్లకోట్ల బ్యాండు రికార్డు

సంగీతం మనిషి మనసును మెత్తబరుస్తుందని రాసేవాళ్లకు కొదవ లేదు. వాళ్లెవరూ రామనర్సయ్యను ఎరగరు. మంచి సంగీతం అతన్ని అబద్ధాలకోరును చేసింది. అదీ, భర్త పోయి నెలైనా తిరగని మనిషి ముందు.

భోపాల్‌పట్నం నుంచి బైలడీల ఇనప గనుల్లో పనికి వచ్చేనాటికి అతనికి మీసాలు సరిగా రాలేదు. డెబ్బైల నడిమికి రాయి నలగ్గొట్టే క్రషర్ దగ్గర కన్వేయర్ బెల్టులకు గ్రీజు పెట్టే పనిలో కుదురుకున్నాడు. గని కిందే కిరందుల్‌లో క్వార్టరు, భార్య సోమక్క, ఎంత ఉతికినా పోని ఎర్రధూళి, సూట్‌కేసులా మూసుకునే ఒక రికార్డు ప్లేయరు. ఇదీ సంసారం. ఉమ్మడి గోడకు అవతల ఫిట్టర్ చక్రధరరావు, విజయనగరం వైపు మనిషి. ఇక్కడి ఇనప రాయి రైలెక్కి విశాఖ రేవుకు దిగిపోయేది. సెలవు మీద వెళ్లిన చక్రధరరావు ఒకసారి అదే లైను మీద వెనక్కి వస్తూ, రేవులో ఓడ మనిషెవరో అమ్ముకుంటున్న పెద్ద రికార్డొకటి తెచ్చాడు. అట్ట మీద తెల్లకోట్లు తొడుక్కున్న మనుషులు వరసలు కట్టి కూర్చున్నారు, ఒళ్లో బాకాలు, పక్కన పియానో. పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది. వీళ్లిద్దరికీ అది తెల్లకోట్ల బ్యాండు.

అందులో అంత ఏముంది? రామనర్సయ్య ఎరిగిన పెళ్లి బ్యాండులో అందరూ ఒకే పాట అందుకుని ఒకేసారి వాయిస్తారు. ఎవడికి దమ్ము ఎక్కువుంటే వాడిదే పాట. క్రషర్ మోతకైతే ఆ మాత్రం పద్ధతి కూడా లేదు. ఈ రికార్డులోనూ మోత తక్కువేం కాదు, కాని అది ఒకరి కోసం ఒకరు ఆగే మోత. ఒక వరస అడుగుతుంది, ఇంకో వరస జవాబు చెబుతుంది. ఉన్నట్టుండి అందరూ మానేస్తారు. పియానో మనిషి రెండంటే రెండు మెట్లు నొక్కి ఊరుకుంటాడు. అడుగున డ్రమ్ము మాత్రం తొందరపడకుండా నడుస్తూ ఉంటుంది. ఇక వీళ్లు రారులే అనుకునేసరికి బాకాలన్నీ ఒక్క గొంతుతో మీద పడతాయి. ఆ ఖాళీ దగ్గర రామనర్సయ్య ఊపిరి బిగబట్టేవాడు. ఇంత బలం ఉన్నవాళ్లు ఎందుకు ఆగారా అని ప్రతిసారీ ఆశ్చర్యమే.

"నాల్రోజులు నీకాడ ఉంచుకోరా. మీ వదినకి ఈ గోల పడదు," అని చక్రధరరావే ఇచ్చాడు. ఆ నాలుగు రోజులు దాటకముందే మలేరియా పట్టి, మెదడుకెక్కి, ఆస్పత్రిలో పోయాడు.

కర్మకాండ అయ్యాక క్వార్టరు ఖాళీ చేసి పుట్టింటికి వెళ్లాలి అతని భార్య వరహాలమ్మ. సామాను సర్దుతూ మధ్యలో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మరిదీ, ఆ తెల్లకోట్లోల్ల రికార్డు నీకాడ గాని ఉందేటి? ఇల్లంతా ఎతికీసాను, అగుపడ్లేదు."

"అన్నకు ఎప్పుడో ఇచ్చేసిన గద వదినా," అన్నాడు రామనర్సయ్య.

అనుకుని అన్నది కాదు. నోరు తెరిచేసరికి మాట బయట ఉంది. ఆమె తల ఊపి వెళ్లిపోయింది. లోపల సోమక్క గంటె పట్టుకుని చూస్తోంది.

"ఏందయ్యా, మరి బియ్యం డబ్బా ఎన్క పెట్టిందేంది? అప్పడమా?"

"మెల్లగ మాట్లాడే! ఆమెకేం పని దాంతోటి? ఆమెకు పడదని అన్ననే చెప్పిండు. ఎవనికో అమ్ముతది."

"అమ్ముతదో, పొయిల పెడతదో. ఆమెది."

అక్కడితో అతని శిక్ష మొదలైంది. గోడ ఒకటే. ఇటు తుమ్మితే అటు వినపడుతుంది. ఈ కొండల మీద ఆ బాకాల్ని గుర్తుపట్టగలిగిన మనిషి ఇంకొక్కతే ఉంది, ఆ మనిషి గోడకు అవతలే ఉంది. అబద్ధమాడి దక్కించుకున్న రికార్డును పెట్టుకునే దారి లేదు. సౌండు పూర్తిగా తగ్గించినా సూది తనంతట తాను సన్నగా పాడుతుంది. ఆ రాత్రి రామనర్సయ్య దుప్పటి కప్పుకుని, సూది పక్కన చెవి ఆనించి, దోమలంత బాకాల్ని విన్నాడు. పియానో ఆగిన చోట, మొదటిసారి, ఆ ఖాళీలోకి వేరే చప్పుడు వచ్చింది. గోడ అవతల ట్రంకు పెట్టె మూత తెరుచుకుంది. సర్దినవన్నీ బయటికి వస్తున్నాయి. మళ్లీ మూత పడింది. ఇంకో పెట్టె తెరుచుకుంది.

షిఫ్టులో గ్రీజు పెట్టిన బేరింగుకే మళ్లీ పెట్టి తిట్లు తిన్నాడు.

మర్నాడు సోమక్క కుళాయి దగ్గర్నుంచి బిందె దించకుండానే మొదలుపెట్టింది.

"ఆయన ఆదివారం అది పెట్టుకుని కూరగాయలు తరిగేటోడంట. ఎలుగ్గొడ్డు లెక్క ఊగేటోడంట. ఆపండి ఆ గోల అని అక్క తిట్టేదంట. ఇప్పుడు తిట్టనీకన్న ఆ గోల ఉండాలె గదా సోమక్కా అంటాంది. నాకు మొకం ఎక్కడ పెట్టుకోవాల్నో తెలవలే. నీకు తెలుసునా?"

సాయంత్రం రికార్డును పేపర్లో చుట్టి, మూటలు కట్టడానికి సాయం వచ్చినట్టు వరహాలమ్మ ఇంట్లోకి వెళ్లాడు. చీరల మధ్య దూర్చేస్తే చాలు, అదే దొరికిందనుకుంటుంది. పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు కూడా. అప్పుడు తట్టింది: ఇన్నిసార్లు వెతికిన పెట్టెలో అది దొరికితే ఆమె తన కళ్లనే నమ్మదు. దొంగతనం తనది, మతిమరుపు ఆమెదవుతుంది. పేపరు చుట్టతోనే వెనక్కి వచ్చాడు.

"పెట్టినవా?" అంది సోమక్క.

"లే."

"చెప్పినవా?"

"నోరు వస్తలేదే."

తలుపులు బార్లా తీశాడు. పక్క క్వార్టరు మెట్ల మీద పిల్లలు ఆడుకుంటున్నారు, వెలుతురు ఇంకా ఉంది. సౌండు చివరిదాకా తిప్పి సూది పెట్టాడు.

బాకాలు వీధంతా నిండాయి. ఒక వరస అడిగింది, ఇంకో వరస చెప్పింది. వరహాలమ్మ చేతిలో తాడు ముక్కతో గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు, కూర్చోలేదు. పాట ఆగినప్పుడు ఆమె అతని వైపు చూసింది. పియానో ఆ రెండు మెట్లూ మోగేంత సేపు చూసింది. మళ్లీ బాకాలు పడ్డాక, వాటిలో వినపడేలా గట్టిగా అంది:

"పెట్టెలన్నీ విప్పించినావు నాచేత."

పాట అయ్యేదాకా నిలబడింది. తర్వాత తనే వచ్చి సూది ఎత్తి, రికార్డు తీసి, కొంగుతో తుడిచి, "అట్టేది?" అంది. అతను అందించాడు. వెళ్లిపోయింది. తిట్టి ఉంటే తేలికపడేవాడు. తప్పు ఒప్పుకుంటే గుండె బరువు దిగుతుందనే మాట ఒకటుంది, దిగలేదు.

పొద్దున్నే స్టేషనుకు సామాను మోశారు. వరహాలమ్మ తమ్ముడు మూటలు ఎత్తుకున్నాడు. రామనర్సయ్య పెద్ద ట్రంకు భుజానికెత్తబోతుంటే ఆమె, కూలీకి చెప్పినట్టు, ముఖం చూడకుండా చెప్పింది.

"ఆ పెట్టె ఎక్కడా దించకు. రికార్డుంది అందులో."

బండి ఇంకా రాలేదు. ప్లాట్‌ఫారం మీద అందరూ సామాన్లు దించుకుని వాటి మీదే కూర్చున్నారు. అతను దించలేదు. భుజం మొద్దుబారి, చొక్కా చెమటకు తడిసి, ఎర్రధూళి మెడ మీదుగా కారుతోంది. "అన్నా, కింద పెట్టు, ఇంకా ఆలస్యమంట," అన్నాడు తమ్ముడు. వరహాలమ్మ ఒకసారి తల తిప్పి చూసింది. దించమనలేదు.