ఒరిజినల్ కాని ఇరవై ఏడు భాగాలు

కారు కొన్న వారంలోనే జాబితా రాశాను. ఎడమ గడిలో భాగం పేరు, మధ్య గడిలో అది ఎలా ఉండాలో, కుడి గడిలో ఎలా ఉందో. ఒరిజినల్ కానివి ఇరవై ఏడు తేలాయి.

రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు అది. ముదురాకుపచ్చ రంగు. ఎప్పుడో మదనపల్లెలో పనిచేసిన దొర డాక్టరు తెచ్చుకున్నాడు. వెళ్లిపోతూ పుంగనూరు పాల వ్యాపారికి అమ్మాడు. ఆ వ్యాపారి కొడుకు దగ్గర నేను కొన్నాను. బెంగళూరులో పాత కార్ల క్లబ్బు ఒకటుంది. వాళ్ల ప్రదర్శనలో కారుకు మార్కులు వేస్తారు. ఫ్యాక్టరీ నుంచి రాని ప్రతి వస్తువుకూ ఒక మార్కు పోతుంది. మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కదా, ఆ లెక్క నాకు న్యాయంగానే కనిపించింది.

ముప్పై ఏళ్లుగా ఆ కారును నడిపించింది పుంగనూరు బస్టాండు వెనక షెడ్డున్న మేస్త్రీ. ఏది ఎందుకు మారిందో కనుక్కుందామని జాబితా తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాను. స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు.

"ఫ్యాను," అని చదివాను.

"వ్యానుదప్పా. ఆరు రెక్కలు. దాని సొంత ఫ్యాను దొరల దేశంలో సలికి సరిపోతాది. మన ఎండకి సాలదు."

"థర్మోస్టాట్ లేదు."

"పీకేసినా. సలి దేశంలో ఇంజను తొందరగా వేడెక్కేదానికి పెట్టేదది. రాసుకో."

"హీటర్ ఉండాల్సిన చోట రేకు ముక్క ఉంది."

పగలబడి నవ్వాడు. "ఈడ హీటరు యాలప్పా, వడియాలు ఎండబెట్టుకునేకా? అది పాల క్యాను మూత. నేనే కోసి బిగించినా. అదీ రాసుకో."

ఇరవై ఏడూ అలాగే చెప్పాడు. రేడియేటర్ వెడల్పు చేయించింది, బ్రేకుల వాషర్లను చెప్పులు కుట్టే ఆయనతో తోలుతో కోయించింది, అన్నీ. చివర్లో పక్కనున్న టీ కొట్టాయనను కేకేశాడు. "సూడు, నా పనంతా కాగితానికి ఎక్కిస్తాండాడు!"

అది తీసేయాల్సిన వాటి జాబితా అని నేను చెప్పలేదు.

లేవబోతుంటే అడిగాడు. "ఒక్క మాటప్పా. ముప్పై ఏండ్లు దీని కింద పండుకున్నా గానీ, పక్క సీట్లో ఒక్కసారీ కూసోలేదు. కుప్పంలో నా కూతురుండాది. ఈ బండ్లో తీసుకుపొయ్యి వాళ్లింటి ముందర దించు. అది సాలు నాకు."

మాటిచ్చాను.

తర్వాత తొమ్మిది నెలలు ఇంగ్లండు నుంచి పెట్టెలు వచ్చాయి. బెంగళూరులో ఒక వర్క్‌షాపు వాళ్లు బిగించారు. జాబితాలో ఒక్కో భాగం పక్కన టిక్కు పెట్టాను. తీసేసినవన్నీ రెండు గోతాల నిండా మా ఇంటి మెట్ల కింద అడ్డంగా ఉండేవి. ఒకరోజు మా ఊరు మదనపల్లెలోనే పాత ఇనుప సామాన్ల కొట్టుకు వేసేశాను. ప్రదర్శనలో ఒక్క మార్కే పోయింది, అదీ టైర్ల వల్ల. అందరూ చప్పట్లు కొట్టారు. వాళ్ల కార్లు లారీల మీద వచ్చాయి, లారీల మీదే వెళ్లాయి. నాదీ అంతే. అక్కడెవరూ దాన్ని ఎండలో పది మైళ్లు నడిపి చూడలేదు.

మే నెలలో మేస్త్రీని కుప్పం తీసుకెళ్లాను. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, మిఠాయి పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పుంగనూరు దాటేదాకా దారిలో కనబడిన ప్రతివాడికీ చెయ్యి ఊపాడు. పలమనేరు దాటాక, అడవి దారిలో ఎత్తు ఎక్కుతుంటే, ఊపడం ఆపి చెవి ఒగ్గాడు. నేను వేడి చూపే ముల్లు చూసేలోపే ఆయనకు తెలిసిపోయింది.

"ఆపప్పా."

బానెట్ ఎత్తాడు. ఆవిరి తగ్గేదాకా ఆగాడు. తర్వాత వంగి, చేత్తో దేన్నీ ముట్టుకోకుండా, ఒక్కొక్కటే చూశాడు.

"నా ఫ్యాను యాడుండాది?"

"ఇంట్లో ఉంది," అన్నాను.

"అయితే బస్సెక్కి పొయ్యి తీసుకురా. ఈడే కూసోని బిగిస్తా. సాయంత్రానికన్నా పోదాం."

అప్పుడు చెప్పక తప్పలేదు. "లేదు మేస్త్రీ. పాత ఇనుముకు వేసేశాను."

"అన్నీనా?"

"అన్నీ."

"తూకానికా?"

"అవును."

"ఎంత తూగినాయి?"

నాకు అంకెలు మరుపు రావు. "పద్నాలుగు కేజీలు," అన్నాను.

తల ఊపాడు. చొక్కాకు అంటిన ఆవిరి మరకను గోటితో గీకాడు. తన నీళ్ల సీసా నా చేతికిచ్చాడు. "సల్లారినాక ఈ నీళ్లు పొయ్యి. ముందరికి పోవాకు, ఎనక్కి తిప్పుకో. ఈ బండి నాకు తెల్దప్పా. నాకు తెలిసిన బండి కాదిది." ఒక అడుగు వేసి ఆగాడు. "హీటరు పెట్టించుకున్నావు కదా, అది ఏసుకోనిపో. ఇంజను వేడి కొంచెం లాగుతాది."

కుప్పం బస్సు వచ్చింది. చెయ్యెత్తి ఆపి, మిఠాయి పొట్లం గుండెకు ఆనించుకుని ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు. ఇటు చూడలేదు.

గంట ఆగి, నీళ్లు పోసి, వెనక్కి తిప్పాను. హీటర్ పూర్తిగా వేశాను. బాగా పనిచేసింది. మే ఎండలో మోకాళ్ల మీదికి ఆ వేడిగాలి కొడుతుంటే, చొక్కా వీపుకు అంటుకుని, పుంగనూరు బస్టాండు వెనక నుంచి వచ్చాను. షెడ్డుకు తాళం వేసి ఉంది. కూతురింటికి పోతున్నానని ఆ పొద్దున టీ కొట్లో అందరికీ చెప్పాడట. టీ కొట్టాయన నన్ను చూసి లేచి నిలబడి, ఖాళీగా ఉన్న పక్క సీటు వైపు చూశాడు.

"అప్పుడే దించేసి వచ్చినావాప్పా?" అని అరిచాడు.

వినబడనట్టు ముందుకు పోనిచ్చాను.