గ్లెనిస్ చేతులు

తెల్లవారగానే గ్లెనిస్ చిటికెడు ఉప్పు వేసిన నీళ్లు తాగుతుంది. పదేళ్లుగా మింగుతున్న నిద్రమాత్రను డాక్టరు చెప్పినట్టే నెలకు కాస్త చొప్పున అరగదీసి తగ్గించుకొస్తోంది. కాఫీ మానేసింది. రెండు గుడ్లు, మెగ్నీషియం పొడి తప్పవు. అడ్రినల్ గ్రంథులు అలసిపోయాయని ఆమె నమ్మకం. "ఆ జబ్బు మా పుస్తకాల్లో లేదమ్మా. గుడ్లు మాత్రం మానకు," అన్నాడు డాక్టరు.

మాత్ర తగ్గించడం మొదలయ్యాక పట్టుకున్న చేతుల వణుకు తగ్గితేనే ఆల్చిప్పలు విప్పే పనిలోకి మళ్లీ రానిస్తారు. ఈ ఉదయం మంచు కమ్మిన బ్రూనీ దీవి రేవులో తోటి పనివాడు మెర్వ్ ఒక చిప్పా కత్తీ అందించాడు. "వేలు తెగితే ఎరకి పనికొస్తుందిలే అక్కా!" "నీ నాలుకైతే సొరచేపే పడుతుందిరా!" కత్తి రెండుసార్లు జారింది. సముద్రమూ ఆకాశమూ ఒకే తెలుపులో కలిసిపోయి ఉన్నాయి. ఆమె కత్తి కింద పెట్టింది. "ఈ నెల ఇంక మాత్ర తగ్గించను. ఉన్నచోటే ఉంటా." "ఉండు. ఈ చిప్పకి మాత్రం తొందరేముంది?" అంటూ అతను దాన్ని నీళ్లలోకి జారవిడిచాడు. అది చాలాసేపు కనబడుతూనే, మెల్లగా లోతుకు దిగింది.