తమ్ముడి పడవలో రేవ్‌దండా దాకా

సాయంత్రం ఆరింటికి జహీరాబాద్‌లో బొంబాయి బస్సెక్కాను. అల్లం తవ్వే రోజులు, ఇల్లు కదిలే వేళ కాదు. కానీ అమ్మ పోరు పడలేకపోయాను. అల్లం లారీ మీద క్లీనరుగా బొంబాయి వెళ్లిన తమ్ముడు సాయిలు అక్కడే ఒక తెరచాప పడవలో పనికి కుదిరి రెండేళ్లయింది. వాణ్ని తీసుకురావాలి. నిజం చెప్పాలంటే వాడి అవసరం అమ్మకన్నా నాకే ఎక్కువ. మూడెకరాల అల్లం, చేసేది నేనొక్కణ్ని, అదీ పట్టేసిన నడుంతో.

చిరాగ్‌పల్లి దాటాక పక్క సీటులోకి వచ్చిన హుమ్నాబాద్ ఆసామి రాత్రంతా నా భుజం మీదే నిద్రపోయాడు. షోలాపూర్‌లో చాయ్ తాగాను. తెల్లారి పుణేలో అటుకుల ఉప్మా తింటుంటే ఆ ఆసామి వచ్చి, "మంచిగ నిద్ర పట్టిందా?" అని అడిగాడు. ఏం చెప్పను!

మధ్యాహ్నానికి బొంబాయి రేవు చేరాను. సాయిలు బాగా నల్లబడ్డాడు. ఇంటికి పదమంటే, "ఈ ఉప్పు రేవ్‌దండా రేవుల దింపాలె అన్నా. నువ్వు గూడ రా, పడవల మాట్లాడుకుందం" అన్నాడు. పడవ పెద్దను తండేలు అంటారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి ఉప్పు బస్తాల మీద కూర్చోమన్నాడు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ఖాళీ కడుపుతో పడవెక్కకండి, నిండు కడుపుతో అసలే ఎక్కకండి. తీరం వెంట కొబ్బరిచెట్లు, పాత కోటగోడలు, అన్నీ ఒకటే ఊగుడు. నేను కళ్లు మూసుకునే చాలా దూరం ప్రయాణించాను.

పొద్దుగూకే వేళ ఒక కొండ చాటున లంగరు వేశారు. సాయిలు తాడు చాలా పొడుగ్గా వదిలాడు. వాళ్లు వంట పనిలో పడ్డారు, పడవేమో అటూ ఇటూ తిరుగుతోంది. పొగరుబోతు ఎద్దును మా దగ్గర పొడుగు పలుపుతో ఎవడైనా కట్టేస్తాడా? పక్కవాడి చేలో పడదూ? నేనే ముందుకెళ్లి తాడు లాగి, పొట్టిగా బిగించి ముడేశాను.

అన్నం ఉడికేలోపే గాలి లేచింది. లంగరు పట్టు వదిలింది, పడవ రాళ్ల వైపు జారడం మొదలైంది. సాయిలు ఒక్క దూకులో వెళ్లి నా ముడి ఊడబీకి తాడంతా వదిలేశాడు. రాళ్లకు కాస్త ఇవతల పడవ ఆగింది.

ఎవడు కట్టాడని తండేలు హిందీలో అరిచాడు. నేనేనని చెయ్యెత్తాను. ఆయన సాయిలును చూసి పగలబడి నవ్వాడు. "వీడు నీ అన్నే, అనుమానం లేదు!"

"నేను గూడ మొదాలు గిట్లనే కట్టిన," అన్నాడు సాయిలు. "పొట్టిగ కడితే అల వచ్చినప్పుడల్లా లంగరు లేస్తది. పొడుగ్గ ఇడిస్తె అడుగున పండుకోని భూమిని పట్టుకుంటది అన్నా."

ఆ రాత్రి వాడు చేపలో ముళ్లు తీసి నా పళ్లెంలో వేశాడు. తింటూనే అడిగేశాను. "నాకొక్కనికి అయితలేదురా. నడుం లేస్తలేదు. ఇంటికి రా."

వాడు ఇంకో ముక్కకు ముళ్లు తీసి నా పళ్లెంలో పెట్టాడు. "తెలుసన్నా. కానీ చేను పని మీద నాకు మనసు లేదు. ఈడ మంచిగున్న. నేను రాను."

కోపం రాలేదు, కోపానికైనా ఓపిక ఉండాలి కదా. ఏడుపు మాత్రం వచ్చింది. వాడి ముందే ఏడ్చాను.

మర్నాడు రేవ్‌దండాలో ఉప్పు దిగాక, వాణ్ని తీసుకెళ్లడానికి వచ్చిన నన్ను వాడే బస్సెక్కించాడు. పన్వేల్, పుణే, షోలాపూర్, మళ్లీ అవే కుదుపులు. సముద్రం ఎట్లుందని పక్క సీటాయన అడిగితే, పెద్దదని చెప్పి ఊరుకున్నాను.

ఇల్లు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. నా వెనక ఎవరూ లేరని చూసింది. ఒళ్లంతా కళ్లు చేసుకుని వీధి మలుపు దాకా మరోసారి చూసింది.

"రాడమ్మా," అన్నాను.

అమ్మ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.

"ఇగ మూడెకరాలు మనకెందుకు బిడ్డా? రెండు కౌలుకిద్దం. నీ నడుం నాకు గావాలె."

చెప్పులైనా విప్పకుండా ఆ అరుగు మీదే పడి నిద్రపోయాను.