కరెంటు లేని సైటు

"కరెంటు ఒక్కటే ఉండదు, అంతే" అని ఆయన అన్నప్పుడు నేను సింకు దగ్గర మినప్పప్పు కడుగుతున్నాను. ఫోను స్పీకర్లో పెట్టి కిటికీకి ఆనించాను. ఆ మాట వినగానే నా చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. ఫోన్లో మిగతావాళ్ళంతా చప్పట్లు కొడుతున్నారు.

ఆయన మాకు బంధువేమీ కాదు. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో, మా వీధి చివర ఉంటారు. అందరికంటే ముందు ఇక్కడ ఇల్లు కొన్న మనిషి కాబట్టి మేమంతా అన్నయ్య అంటాం, ఆయన భార్యను వదిన అంటాం. పిక్నిక్ అయినా, తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్ అయినా ఆయన చేతుల మీదుగానే జరగాలి. ఈసారి జూన్ నెలాఖరుకి జార్జియా దక్షిణాన ఒక లేక్ దగ్గర నాలుగు కుటుంబాలు, నాలుగు అద్దె ఆర్‌వీలు. వంటిల్లూ పడకలూ అన్నీ అందులోనే ఉండే పెద్ద బండి అది. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటున్న సైటు తీసుకుని ప్లగ్ పెట్టుకుంటే రాత్రంతా ఏసీ నడుస్తుంది. మేం బుక్ చేసిన సైట్లు అలాంటివే. కానీ నాలుగూ ఒకేచోట లేవని అన్నయ్య మమ్మల్నెవర్నీ అడక్కుండా వాటిని కాన్సిల్ చేసి, నీళ్ళ ఒడ్డున పక్కపక్కనే ఉన్నవి తీసుకున్నారు.

"రాత్రి ఏసీ ఎలా అన్నయ్యా?" అన్నాను.

"బండికి జనరేటర్ ఉందిగా అమ్మా."

"రాత్రి పది తర్వాత జనరేటర్ వేయనివ్వరు. పార్క్ రూల్స్‌లో ఉంది."

"చెట్ల కింద ఏసీ ఎందుకమ్మా! కిటికీలు తెరుచుకో, చల్లగాలి."

జూన్‌లో, దక్షిణ జార్జియాలో, చల్లగాలట. ఇక్కడే ఉప్పుడబ్బా మూత తీస్తే ఉప్పు ముద్దకట్టి ఉంటుంది. పొద్దున రుబ్బిన పిండి సాయంత్రానికల్లా గిన్నె దాటి పొర్లిపోతుంది. చీకటి పడినా గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకునే ఉంటుంది. అక్కడ ఇంతకు ఇంత.

నా భయం నాకోసం కాదు. మా అమ్మాయికి ఏడేళ్ళు. పోయిన వేసవిలో మా మేడమీది ఏసీ పాడై, బాగుచేసేవాడు రావడం ఆలస్యమైంది. ఆ ఉక్కలో పడుకున్న పిల్లకి తెల్లవారుజామున ఊపిరి అందలేదు. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం నా కళ్ళతో చూశాను. ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఆస్త్మా అన్నారు. ఈ వాతావరణంలో రాత్రిపూట చల్లగా, పొడిగా ఉన్న గదిలోనే పడుకోబెట్టమన్నారు డాక్టరు.

ఇది మా గుంపులో ఎవరికీ తెలియదు. అప్పుడు సంగతి తెలిసి వీడియో కాల్లో మా అత్తయ్య చెప్పిన మొదటి మాట అదే: "ఆడపిల్లమ్మా. ఆయాసం ఉందని ఊరంతా చాటకు. రేపు పెళ్ళి దగ్గర అడ్డమొస్తుంది." రెండో తరగతి చదివే పిల్లకి పెళ్ళి! మా ఆయన ఇక్కడే మాస్టర్స్ చేశాడు. అతనూ తల ఊపి, "చెప్పకపోతే పోయేదేముంది" అన్నాడు. అప్పట్నుంచి పార్టీల్లో దానికి దగ్గు మొదలైతే నేను బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి, తలుపు గడియపెట్టి ఇన్హేలర్ ఇస్తున్నాను.

కాబట్టి అన్నయ్య వాళ్ళ కాల్లో నా దగ్గర మిగిలినవి దొంగ కారణాలే. పాలు విరిగిపోతాయన్నాను. ఐస్ పెట్టెలు తెస్తున్నామంది వదిన. ఫోన్లు చార్జింగ్ అన్నాను. కార్లో పెట్టుకోమంది. చివరికి వదినే, "నీకు మరీ టెన్షన్ ఎక్కువమ్మాయ్, పిల్లల్ని కాస్త మట్టిలో ఆడుకోనీ" అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత మాట బిర్యానీ మీదకి మళ్ళింది. బొగ్గుల మీద దమ్ పెట్టాలా, ఇంట్లో వండి పట్టుకెళ్ళాలా అన్నదాని మీద ఎంతసేపు వాదించుకున్నారో! కరెంటు సంగతి ఒక్క మాటతో తేలిపోయింది. పెరుగుపచ్చట్లో ఉల్లిపాయలు వేయాలా వద్దా అన్నది మాత్రం తేలలేదు.

ఫోను పెట్టేశాక మా ఆయనతో అన్నాను, "మనం కరెంటున్న సైటు వేరేగా తీసుకుందాం."

"అందరూ ఒక దగ్గరుంటే మనమొక్కళ్ళం వేరేచోటా? పొగరనుకుంటారు."

"అసలు సంగతి చెబితే అనుకోరు."

"బ్యాటరీతో నడిచే నెబ్యులైజర్ కొందాం. ఆయాసం వస్తే మందు ఆవిరి అక్కడే పట్టొచ్చు."

"అది వచ్చాక పనికొచ్చేది. నేనడిగేది రాకుండా."

"పోనీ మానేద్దాం. జ్వరమని చెబుదాం."

"వచ్చే ఏడు ఏం చెబుదాం?"

"అమ్మకి తెలిస్తే బాధపడుతుంది" అన్నాడు.

"అత్తయ్య గుంటూరులో ఉంది. దీని ఊపిరి ఇక్కడుంది."

పార్క్ వెబ్‌సైట్ తెరిచి చూశాను. కరెంటున్నది ఒక్కటే మిగిలి ఉంది, ఆ చివర, చెత్త డబ్బాలుండే చోటు పక్కన. బుక్ చేశాను. తర్వాత వాట్సాప్ గ్రూప్‌లో రాశాను: "పాపకి ఆస్త్మా ఉంది. ఉక్కలో పడుకుంటే ఊపిరాడదు. అందుకని మేం కరెంటున్న సైటు తీసుకున్నాం. పగలంతా మీతోనే ఉంటాం." పంపే ముందు ఫోను మా ఆయనకి చూపించాను. చదివి, "నీ ఇష్టం" అని మేడమీదికి వెళ్ళిపోయాడు. అది సరే అనడమో, కోపమో నాకిప్పటికీ తెలియదు.

"అయ్యో, ముందే చెప్పొచ్చుగా అమ్మా!" అన్నయ్య. ఎవరినీ అడక్కుండా సైట్లు మార్చిన మనిషి! ఆ వెనకే సలహాలు. హైదరాబాద్‌లో చేపమందు వేయించమని ఒకరు, హోమియో వాడమని ఒకరు, పెరుగు మాన్పించమని ఒకరు. ఆఖర్న వదిన, "అయితే దోసెల పిండి మీదేగా?" అంది. ఫోను విసిరికొట్టాలనిపించింది. "మాదే వదినా" అని రాశాను.

అది నిన్నటి మాట. ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను. ట్రిప్ ఇంకా ముందుంది. అక్కడ ఏమవుతుందో తెలియదు.

పొద్దున పిల్లలిద్దరూ పాలల్లో సీరియల్ వేసుకుని తింటుంటే చెప్పాను. లేక్‌కి వెళ్తున్నాం, పగలంతా ఫ్రెండ్స్‌తో ఆడుకోవచ్చు, పడుకోవడానికి మాత్రం మన బండి వేరేచోట ఉంటుంది అన్నాను.

అమ్మాయి స్పూను దించింది. "వై? నా బ్రీదింగ్ కోసమా?"

"అవును. నీకోసమే. నీ తప్పు కాదు."

"దే నో? అందరికీ తెలుసా? బట్ అది సీక్రెట్ కదా అమ్మా."

సీక్రెట్ అని నేను దానికెప్పుడూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే నేర్చుకుంది.

"ఇక కాదు" అన్నాను. "ఆయాసం వస్తే ఎవరు పక్కనుంటే వాళ్ళకే చెప్పు. నాకోసం వెతకొద్దు. ఆట మధ్యలో అయినా సరే, గట్టిగా చెప్పు."

నాలుగేళ్ళ తమ్ముడు, "మరి నేను?" అన్నాడు.

"అక్క చెప్పలేకపోతే నువ్వు గట్టిగా కేకెయ్యి" అన్నాను. "ఏ ఆంటీ కనిపిస్తే ఆ ఆంటీని పిలువు."