చేతులు చూసి విన్నవాడు

జాడీల కార్ఖానాలో అందరూ అతన్ని చెవుల బాబాయి అనేవాళ్లు. బట్టీ నుంచి దిగిన ప్రతి జాడీనీ చెక్కపుల్లతో తట్టి, నిక్షేపంగా ఉన్నదేదో, కంటికి కనబడని పగులున్నదేదో చెప్పడం ఇరవై ఆరేళ్లుగా అతని పని. కొత్తవాళ్లు వస్తే గర్వంగా పాఠం చెప్పేవాడు. ఎంత గట్టిగా మోగిందన్నది లెక్క కాదట. మంచి జాడీ ఖంగుమని కాసేపు నిలుస్తుంది. పగిలినది జలుబు చేసిన గొంతులా పలికి చప్పున ఆగిపోతుంది. గొంతు విని మనిషిని పోల్చుకోమూ, ఇదీ అంతే అనేవాడు.

చెప్పడానికి నోరు మిగిలింది గానీ చెవులు మిగల్లేదు. ఏడాదిగా అతనికి జాడీలన్నీ ఒక్కలాగే మోగుతున్నాయి. మాటలు వినబడతాయి, చప్పుళ్లూ వినబడతాయి. కానీ ఇంట్లో పిలిచింది భార్యో కోడలో తలెత్తి చూస్తే తప్ప తెలియదు. సిగ్గుతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మరి పనెలా సాగింది? పక్కనే కూర్చుని జాడీలకు గడ్డి చుట్టే అమ్మాయి ఉంది. అతను తట్టినది పగుళ్ల జాడీ అయితే, గడ్డి అందుకోబోయిన ఆమె చెయ్యి టక్కున ఆగేది. మన పెద్దమనిషి ఓరకంట ఆ చెయ్యి చూసి, ఇది పనికిరాదని ఠీవిగా పక్కన పెట్టేవాడు.

పోయిన నెల కప్పు కారుతోందని గడ్డి పనిని వారం రోజులు పక్క షెడ్డులోకి మార్చారు. చేతులు కనబడలేదు. నిజం ఒప్పుకోడానికి నామోషీ అడ్డొచ్చి, దేవుడి మీద భారం వేసి తట్టిందల్లా దాటించాడు.

ఊరగాయ పెడితే చెమ్మ కారుతున్నాయని కొన్నవాళ్ల దగ్గర్నుంచి ముప్పై జాడీలు తిరిగొచ్చాయి. చెవుల బాబాయి పొరపడడు కాబట్టి గడ్డి వదులుగా చుట్టడం వల్లే దారిలో పగిలాయని మేనేజరు తేల్చేశాడు. రేపట్నుంచి పనిలోకి రావద్దని ఆ అమ్మాయికి చెప్పాడు. బాబాయి ఆ గదిలోనే తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

గేటు దగ్గర ఆమె టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటూ కనబడింది. కోపంగా కూడా అనలేదు.

"రేపట్నుంచి ఎవరి చేతులు చూస్తావ్ బాబాయ్?"

అతనికి తలకొట్టేసినట్టయింది. అంటే ఆమెకు ముందునుంచీ తెలుసు. తెలిసే చెయ్యి ఆపేది. తెలిసీ ఇందాక మేనేజరు ముందు బయటపెట్టలేదు.

అతను వెనక్కి నడిచాడు. ఒక మంచి జాడీ, తిరిగొచ్చిన జాడీ ఒకటి తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తట్టమన్నాడు. మేనేజరు అయోమయంగానే రెండూ తట్టాడు.

"ఏది మంచిదో నాకు తెలీదు సార్. ఏడాదైంది."

మేనేజరు రెండు జాడీలనూ పక్కకు జరిపాడు. ఆ తర్వాత, మరి ఇన్నాళ్లూ విన్నదెవరని అడిగాడు.

"ఇందాక మీరు పొమ్మన్నారే, ఆ అమ్మాయి" అన్నాడు బాబాయి, గోడవైపు నుంచి ముఖం తిప్పకుండానే.